పెయింటు ఆరని బెంచీ మీద సాంబయ్య గారు

దయ్యం పడిందంటూ జనం నాకు చూపించిన ఫోటోలు చాలానే ఉన్నాయి. పెళ్ళి ఫోటోలో కిటికీ పక్కన తెల్లటి ఆకారం. పుష్కర ఘాటు దగ్గర తీసిన ఫోటోలో తల లేని మనిషి. నేను ఫోటోలు తీస్తానని తెలిసినవాళ్ళు వాటిని నాకే పంపి, ఇదేంటో చెప్పమనేవారు. ఒకటి లెన్సు మీద పడ్డ వెలుతురు. ఒకటి షట్టరు నెమ్మదిగా పడితే సాగిపోయిన మనిషి. అన్నిటికీ కారణం చెప్పాను. చెప్పి నవ్వాను కూడా.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. చిన్నప్పుడు చీకట్లో ఏదో ఉందని ఏడిస్తే మా నాన్న లైటు వేసి, మంచం కింద, బీరువా వెనక అంతా చూపించి, మళ్ళీ లైటు ఆపేసేవాడు. ఆ పెంపకంలో పెరిగినదాన్ని. ఇప్పుడు నేను తీసిన ఫోటోకే నేను కారణం చెప్పలేకపోతున్నాను. దాని వల్ల నలుగురిలో మాట పడ్డాను, నాకిష్టమైన పని ఒకటి పోగొట్టుకున్నాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మమని అడగడం లేదు.

నా పేరు గ్రేస్. గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ చీరల షాపుకి ఫోటోలు తీసిపెట్టడం నా ఉద్యోగం. చీర మడత మీద ఒకటి, అంచు దగ్గరగా ఒకటి, కొంగు పరిచి ఒకటి. అవి వాట్సాప్‌లో ఊరూరి షాపులకు వెళ్తాయి. రోజంతా ట్యూబులైట్ల కింద బొమ్మకు చీర కట్టి విప్పే పని. మనిషి మొహం అన్నది ఉండదు. ఆ విసుగుతోనే పొద్దున్నే కెమెరా పట్టుకుని కృష్ణ ఒడ్డున ఉన్న పార్కుకి వెళ్ళడం మొదలుపెట్టాను.

మొదట్లో పిట్టల్నే తీసేదాన్ని. నీళ్ళ మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు, కానుగ చెట్టు మీద పిగిలిపిట్టలు, కరెంటు తీగ మీద లకుముకి. తర్వాత మనుషులు. చేతులు పైకెత్తి గట్టిగా నవ్వే నవ్వుల క్లబ్బు వాళ్ళు, చెప్పులు విప్పి గడ్డి మీద నడిచే షుగరు పేషెంట్లు, మనవణ్ణి ఉయ్యాల ఊపుతూ తనే కునికిపాట్లు పడే అమ్మమ్మ. ఆడమనిషి కెమెరా పట్టుకుని తిరిగితే ముందు అనుమానంగా చూశారు. ఏ ఛానలని అడిగారు. మెల్లగా అలవాటు పడ్డారు. ఫోటో తీసి వాళ్ళ ఫోనుకే పంపేదాన్ని. ‘గ్రేస్ మేడం, మా మనవరాలి పుట్టినరోజు, ఒకటి తియ్యండి’ అనేదాకా వచ్చారు.

అక్కడే సాంబయ్య గారు పరిచయం. డెబ్బై దాటిన మనిషి. నది వైపున్న ఒక సిమెంటు బెంచీ ఆయనది. ఎవరైనా ముందే కూర్చుని ఉంటే లేచేదాకా పక్కన నిలబడేవాడు. ఒకరోజు నా చీర చూసి పలకరించాడు.

“ఏందమ్మాయ్, ఆ అంచు మంగళగిరిదేనా?”

“అవునండీ.”

“అవును మరి. మేం నేసిందే అయ్యుంటది, మా వీధిలో.”

మంగళగిరిలో మగ్గం మీద బతికిన మనిషి. ఇద్దరు కొడుకులు ఎదిగి విజయవాడలో బట్టల షాపు పెట్టారు. మగ్గం తీసేసి ఈయన్ని తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. తిండికి లోటు లేదు. మాట్లాడే దిక్కే లేదు. కొడుకుల గురించి చెడుగా ఒక్క మాట అనేవాడు కాదు. కూతురి గురించి మాత్రం చెప్పేవాడు. లలిత. ఒక క్రైస్తవుల అబ్బాయిని పెళ్ళి చేసుకుని బందరు వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి అన్నదమ్ములు ఆమె పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు. ఆమె ఫోటోలన్నీ చింపేశారు. ఇప్పుడు ఆమె పిల్లలు కాలేజీకి వచ్చారట. ఆయన వాళ్ళ మొహం చూడలేదు.

నేనూ క్రైస్తవురాలినేనని ఆయనకు తెలుసు. అందుకే చెప్పేవాడో, చెప్పుకోడానికి ఇంకెవరూ లేక చెప్పేవాడో నాకు తెలియదు.

“ఒకసారి ఫోన్ చేయొచ్చు కదండీ” అన్నాను.

“నంబరు ఎవురిస్తారమ్మా నాకు?” అన్నాడు. ఆయన దగ్గర ఫోనే లేదు.

ఆయన్ని ఫోటో తీస్తానని చాలాసార్లు అడిగాను. ఎండ చెంప మీద పడి, కళ్ళు సగం మూసుకుని నది వైపు చూస్తుంటే ఎవరికైనా తీయాలనిపించే మొహం. ఒప్పుకునేవాడు కాదు. ‘నా మొహం ఎందుకమ్మా, పిట్టల్ని తీసుకో’ అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. నేనూ బలవంతం చేయలేదు. దొంగచాటుగా కూడా తీయలేదు. ఈ మాట ముఖ్యం కాబట్టి చెబుతున్నాను. ఆ ఉదయం దాకా నా దగ్గర ఆయన ఫోటో ఒక్కటీ లేదు.

కార్తీకమాసం అయిపోయాక ఆయన రావడం మానేశాడు. చలి గదా, ఇంట్లో ఉన్నారేమో అనుకున్నాను. ఇల్లెక్కడో నాకు తెలియదు.

ఆ రోజుల్లోనే పార్కులో బెంచీలకు రంగు వేయడం మొదలుపెట్టారు. ఎప్పుడూ బూడిదరంగులో ఉండే సిమెంటు బెంచీలకు ముదురు ఆకుపచ్చ పెయింటు. వేసినదాని చుట్టూ తాడు కట్టి, అట్టముక్క మీద ‘కూర్చోరాదు’ అని రాసి తగిలించారు.

ఒక ఉదయం నేను వెళ్ళేసరికి సాంబయ్య గారు తన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. తాడు లోపల. మంచు అప్పుడే విడిపోయి ఎండ వస్తోంది.

“అయ్యో, పెయింటు తడండీ, లేవండి” అన్నాను.

“ఏం కాదులే” అన్నాడు.

మనిషి చిక్కిపోయాడు. గడ్డం మాసి ఉంది. ఎడమచేతి మీద సెలైన్ ఎక్కించే సూది, దాని మీద తెల్ల ప్లాస్టరు అలాగే ఉన్నాయి. ఒంట్లో బాగాలేదా అని అడిగితే ‘సూదులేత్తన్నార్లే’ అన్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చేశాడనుకున్నాను. ఇంకేం అనుకుంటాను?

“ఇయ్యాల నన్ను తియ్యమ్మాయ్” అన్నాడు.

నాకు సంతోషమేసింది. అదే నిజం. ఇన్నాళ్ళకు ఒప్పుకున్నాడని, మళ్ళీ మనసు మార్చుకుంటాడేమోనని గబగబా తీశాను. కెమెరాలో ఆయన మొహం చాలా దగ్గరగా చూశాను. కళ్ళ కింద తడి, పెదవి మీద ఎండిన పగులు. వింతగా ఏమీ అనిపించలేదు. చలి వేయలేదు, ఒళ్ళు జలదరించలేదు. అలాంటివి జరిగి ఉంటే చెప్పుకోవడానికి ఇప్పుడు బాగుండేది.

“మా లలితకు పంపు. ఇప్పుడే పంపు” అని నంబరు చెప్పాడు. తడుముకోకుండా, చదివినట్టు చెప్పాడు. నేను ఫోనులో నొక్కుకున్నాను. ‘నంబరు దొరికిందన్నమాట’ అని నవ్వితే ఆయన నవ్వలేదు.

కెమెరాలోంచి ఫోనులోకి ఫోటో ఎక్కించి, ‘మీ నాన్నగారు పంపమన్నారు’ అని రాసి పంపాను. తలెత్తేసరికి ఆయన తాడు దాటి గేటు వైపు నడుస్తున్నాడు. మాయమైపోలేదు. మెల్లగా, ఒక కాలు కొంచెం ఈడుస్తూ, ఎప్పుడూ నడిచినట్టే నడిచాడు. వాకింగుకు వచ్చినవాళ్ళ మధ్యలో కలిసిపోయాడు.

వంగి కెమెరా సంచీ తీసుకోబోతూ నేను బెంచీ అంచు మీద చెయ్యి వేశాను. అరచెయ్యంతా ఆకుపచ్చ అయింది. అప్పుడు బెంచీ వైపు చూశాను. ఆయన కూర్చున్నచోట పెయింటు నున్నగా, మెరుస్తూ ఉంది. బట్ట ముద్ర లేదు, గీత లేదు. నా అయిదు వేళ్ళ గుర్తు ఒక్కటే ఉంది. అక్కడ కొంచెం ఆరిందేమో అనుకుని, చెయ్యి తుడుచుకుని షాపుకి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం చీరకు కుచ్చిళ్ళు సర్దుతుంటే ఫోను మోగింది. ఆడగొంతు.

“ఎవరండీ మీరు? ఈ నంబరు మీకెవరిచ్చారు?”

చెప్పాను. లలిత ఏడుస్తూ అడిగింది.

“ఆ చేతికి ప్లాస్టరేంటండీ? నాన్నకేమైంది?”

నాకు తెలిసింది అంతా చెప్పాను. ఆ నంబరు ఆమె బందరు వెళ్ళాక తీసుకున్నదట. పుట్టింట్లో ఎవరికీ ఇవ్వలేదట. తండ్రికి ఎలా తెలిసిందో ఆమెకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. కానీ అప్పుడు ఆ విషయం ఇద్దరికీ పెద్దగా అనిపించలేదు. ఆమెకు తండ్రి ఆరోగ్యం గురించే బెంగ. అన్నల షాపు నంబరు మారలేదు కాబట్టి దానికి చేసింది. ‘నాన్న ఇంట్లోనే ఉన్నాడు, బానే ఉన్నాడు, నీకెందుకు?’ అని పెట్టేశారట. ఆమె నమ్మలేదు. వెంటనే బస్సెక్కింది.

ఆ సాయంత్రం మళ్ళీ ఫోను చేసింది. ఈసారి ఏడవడం లేదు. గొంతు ఎండిపోయినట్టు మాట్లాడింది.

సాంబయ్య గారు ఇంట్లో లేడు. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఐసీయూలో ఉన్నాడు. మంగళగిరిలో ఒక బంధువు ద్వారా కనుక్కుని వెళ్ళింది. ఆయన అక్కడ చేరి చాలా రోజులైంది. ముందురోజు నుంచి వెంటిలేటర్ మీదే ఉన్నాడు, స్పృహ లేదు. ‘మీరు ఎవర్ని చూశారండీ?’ అని అడిగింది.

“ఆయన్నే చూశాను. మీరూ చూశారు కదా” అన్నాను.

ఐసీయూ తలుపు దగ్గరున్న సిస్టరుకు ఆమె ఆ ఫోటో చూపించిందట. ఆ అమ్మాయి ఫోను చేతిలోకి తీసుకుని, ఆ ప్లాస్టరు ఉదయం డ్యూటీ ఎక్కగానే తనే మార్చానని, అంచు ఊడుతుంటే పైన అడ్డంగా ఇంకో ముక్క వేశానని చెప్పిందట. ఫోటోలో ఆ అడ్డం ముక్క ఉంది. చెప్పాక ఆ సిస్టరు ఫోను తిరిగిచ్చేసి, లోపలికి వెళ్ళిపోయిందట.

అన్నలు లలితను లోపలికి వెళ్ళనివ్వలేదు. పాసులు తమ పేర్ల మీద ఉన్నాయన్నారు. ఆ రాత్రంతా ఆమె కింద హాల్లో కుర్చీలో కూర్చుంది. మర్నాడు ఆయన పోయాడు. శవాన్ని వెనక గేటు నుంచి తీసుకుపోయారు. ఆ సంగతి ఆమెకు వాచ్‌మన్ చెబితే తెలిసింది. ఇంటి దగ్గర గేటు వేశారు. ఎదురు రోడ్డు మీద నిలబడి పాడె వెళ్తుంటే చూసింది. పక్కన ఆమె భర్త ఉన్నాడు. పూలు తెచ్చాడు కానీ వేయడానికి దగ్గరికి పోనివ్వలేదు.

రెండు మూడు రోజుల తర్వాత సాంబయ్య గారి పెద్ద కొడుకు మా షాపుకి వచ్చాడు. గుండు, నుదుట విబూది. ఫోటో తీసింది నేనని లలిత బంధువుల ద్వారా తెలిసిందట. తన ఫోనులో ఆ ఫోటో చూపించి, మా ఓనరు ముందే నిలబెట్టి అడిగాడు.

“ఈ ఫోటో ఎప్పటిది?”

చెప్పాను.

“ఆ పొద్దున మా నాన్న వెంటిలేటర్ మీద ఉన్నాడు. మేం పక్కనే ఉన్నాం. నువ్వు పార్కులో చూశానంటావ్!”

“చూశానండీ. మాట్లాడాను. ఆయనే నంబరు చెప్పారు.”

“మీరూ మీరూ ఒకటి. దాని మొగుడు మీ చర్చి వాడే అయ్యుంటాడు. ఆస్పత్రిలోకి దూరి ఫోటో తీసి పార్కు అతికించావ్. సచ్చేవాణ్ణి పెట్టుకుని ఆడతారా?”

లలిత భర్తను నేను ఇప్పటివరకూ ఒక్కసారి కూడా కలవలేదు. ఆ మాటే చెప్పి, కెమెరాలోనే ఫోటో చూపించాను. వెనక ఉన్న ఇంకో బెంచీ సగం ఆకుపచ్చగా, సగం బూడిదరంగులో ఉంది. ఆ ఉదయం పనివాళ్ళు దానికి సగం రంగు వేసి టీకి వెళ్ళారు. మర్నాడు నేను వెళ్ళేసరికి అది పూర్తయిపోయింది. అది మరే రోజు ఫోటోగానూ ఉండడానికి వీల్లేదు. అతను తెర మీద ఫోటోను పెద్దది చేసి తండ్రి మొహం చాలాసేపు చూశాడు. తర్వాత కెమెరా బల్ల మీద పెట్టేసి, ‘ఇయ్యాల రేపు ఏదైనా చేస్తారు’ అని వెళ్ళిపోయాడు.

మా ఓనరు మంచివాడే. ‘వాళ్ళతో మనకు వ్యాపారం ఉందమ్మా, ఆ పార్కు ఫోటోలు కొన్నాళ్ళు మానెయ్’ అన్నాడు. ఉద్యోగం తీసేయలేదు. అంతవరకు నయం.

మానాల్సిన అవసరం లేకపోయింది. పార్కే నాచేత మానిపించింది. సంగతి ఎలా పాకిందో తెలియదు. నవ్వుల క్లబ్బు వాళ్ళు నేను కెమెరా ఎత్తగానే నవ్వు ఆపి వెనక్కి తిరిగారు. ఉయ్యాల దగ్గర అమ్మమ్మ మనవడి మొహానికి పైట కప్పేసింది. పుట్టినరోజు ఫోటో తియ్యమని వెంటపడ్డ ఆవిడే, ‘మేడం, ఏమనుకోకండి, మావారికి ఈ మధ్యే గుండెకు స్టెంటు వేశారు’ అంది. అంటే నేను ఫోటో తీస్తే ఆయన పోతాడని. కెమెరా సంచీలో పెట్టేశాను. నా చేతికి అంటిన ఆకుపచ్చ రంగు గోళ్ళ సందుల్లో ఇంకా పోలేదు.

ఫోటోలో ఏదైనా పొరపాటుందేమో అని నేనే వెతికాను. స్టూడియో నడిపే ఒక స్నేహితుడికి ఫైలు ఇచ్చాను. అతను పిక్సెల్ పిక్సెల్ చూసి, అతుకు లేదు, నీడ సరిగ్గా ఉంది, ఎండ ఎటునుంచి పడాలో అటునుంచే పడింది అన్నాడు. ‘మామూలు ఫోటోనే కదా, ఏంటి దీంట్లో?’ అని అడిగాడు.

పెద్దకర్మ రోజున గవర్నర్‌పేటలో వాళ్ళ షాపు ఉన్న వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. ఆటోలో వెళ్తూ చూశాను. సాంబయ్య గారు. ఎండ చెంప మీద పడి, కళ్ళు సగం మూసుకుని. నా ఫోటో. లలిత బంధువులకు పంపితే అక్కడి నుంచి వాళ్ళకు చేరింది. అబద్ధమన్న ఫోటోనే పెట్టుకున్నారు. తండ్రిది అంత మంచి ఫోటో వాళ్ళ దగ్గర ఇంకోటి లేదు మరి. ప్లాస్టరు ఉన్న చెయ్యి కనపడకుండా భుజాల దగ్గర కత్తిరించారు. వెనక బెంచీలు తీసేసి మేఘాలు పెట్టారు. కింద కొడుకులు, కోడళ్ళు, మనవలు, మనవరాళ్ళు, అందరి పేర్లూ వేశారు. లలిత పేరు లేదు. ఆటో దిగి ఎవరినైనా అడుగుదామనిపించింది. ఏమని అడగాలి? దిగలేదు.

కొన్ని వారాలకు లలిత వచ్చింది. ఆ బెంచీ చూడాలంది. నేనే తీసుకెళ్ళాను. తండ్రి మొహమే. ఆ కళ్ళే. బెంచీ మీద మధ్యలో కాకుండా ఒక చివర కూర్చుంది. పక్కన చోటు వదిలి కూర్చుందని నాకు అర్థమై, నేను నిలబడే ఉన్నాను. నది మీద నీటికాకులు వరసగా ఎగురుతున్నాయి. తీయాలనిపించలేదు.

“ఏమన్నాడండీ? ఇంకోసారి చెప్పండి” అంది.

‘మా లలితకు పంపు. ఇప్పుడే పంపు.’ అంతే అన్నాడని చెప్పాను. ఇంకేమైనా అన్నాడేమో గుర్తు తెచ్చుకోమంది. ఇంకేం అనలేదు. ఆమెకు ఓదార్పుగా ఒక మాట కల్పించి చెబుదామని నోటి దాకా వచ్చింది. చెప్పలేదు.

కాసేపటికి ఆమె నా వైపు చూసింది. కోపంగానే చూసింది.

“మీరు ఆయనకు ఏమవుతారండీ?”

“ఏమీ కానమ్మా. పొద్దున పలకరించుకునేవాళ్ళం.”

“మరి మీ దగ్గరికెందుకొచ్చాడు? మంచం మీద నుంచి లేచి ఈ పార్కు దాకా నడిచొచ్చినోడు, నేను బందర్లో లేనా? ఒక్క బస్సు ఎక్కలేకపోయాడా?”

ఆమె జవాబు కోసం ఆగలేదు. కళ్ళు తుడుచుకుని, బందరు బస్సు టైమైపోతోందని లేచింది. గేటు దాకా నేను తోడు వెళ్ళాను. థాంక్స్ చెప్పలేదు. మళ్ళీ ఫోను చేయలేదు.

ఆ ఫోటో నా దగ్గరే ఉంది. లెన్సు మీద వెలుతురు కాదు, షట్టరు పొరపాటు కాదు. ఆయన ఎలా వచ్చాడో నాకు తెలియదు. ఆ నంబరు ఆయనకెవరు చెప్పారో తెలియదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ కూతురు అడిగినదానికి జవాబు తెలియదు. తెలిసినవాళ్ళు ఇప్పటికీ దయ్యం పడిందంటూ ఫోటోలు పంపుతూనే ఉన్నారు. నేను తెరిచి చూడడం మానేశాను.